‘కూలీ’ నవలలో ఆకలి, కులం

పట్నం వలస మీద, ఆకలి మీద వచ్చిన గొప్ప నవలల్లో ముల్క్‌రాజ్ ఆనంద్ ‘కూలీ’ (1936) ఒకటి. దాన్ని కాదనే పని లేదు. అయితే ఆ ఆకలి ఎవరిది అన్న ప్రశ్న మాత్రం మనం వేసుకోవాలి.

మునూ కాంగ్రా కొండల్లోని అనాథ. తండ్రి భూమి అప్పుకింద భూస్వామి పాలయింది. శ్యాంనగర్‌లో ఒక బాబు ఇంట్లో చాకిరీ, దౌలత్‌పూర్‌లో పచ్చళ్ళ కార్ఖానా, బజార్లో మూటలు మోయడం, బొంబాయిలో బట్టల మిల్లు, చివరికి సిమ్లాలో రిక్షా లాగడం. కుర్రతనంలోనే క్షయతో చచ్చిపోతాడు. బొంబాయి పేవ్‌మెంటు మీద అతనికీ, తోటివాళ్ళకీ పడుకునే చోటు దొరికిందంటే, అంతకుముందు రాత్రి అక్కడ ఒక మనిషి చనిపోయాడు గనకే. పేదవాడి అస్తిత్వ పోరాటం అంటే ఇదీ.

తను క్షత్రియుడైనా పేదే, ఎరిగిన పనికుర్రాడు బ్రాహ్మడైనా నౌకరే కాబట్టి కులం లెక్కలోది కాదు, ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ రెండే తెగలు అనుకుంటాడు మునూ. ఆకలిగొన్న పిల్లవాడికి అట్లా తోచడం సహజం. కానీ మునూ బాబు వంటింట్లో అడుగు పెట్టగలిగాడు. దళిత పిల్లవాడైతే ఆ గడప దగ్గరే కథ ఆగిపోయేది. ఇది ఆనంద్‌కు తెలియని సంగతి కాదు. 1935లో ఆయనే ‘అన్‌టచబుల్’ రాశాడు. అందులో బఖాకు పాకీపని తప్ప మరో పని లేదు. పని మార్చుకుంటూ పోయే వీలు మునూకుంది, బఖాకు లేదు.

పోనీ మిల్లులో కులం పోయిందా? లేదు. బొంబాయి మిల్లుల్లో కూలి ఎక్కువుండే నేత విభాగంలోకి అస్పృశ్యుల్ని రానివ్వలేదు. దారాన్ని నాడె కంతలోంచి నోటితో పీల్చి లాగాలి. అంటరానివాడి ఎంగిలి తగులుతుందని సవర్ణ కార్మికుల అభ్యంతరం. 1928 సమ్మె కాలంలో అంబేద్కర్ ఈ విషయం మీదే కార్మిక నాయకుల్ని నిలదీశాడు. ‘కూలీ’లోనూ సమ్మె ఉంది, మతకల్లోలం దాన్ని దెబ్బతీస్తుంది. కార్మికుల్ని మతం చీల్చడం చూసినంత స్పష్టంగా, కులం అప్పటికే చీల్చి ఉంచిన సంగతి ఆ నవల చూడలేదు.

1985 కారంచేడు, 1991 చుండూరు తర్వాత తెలుగులో కులం-వర్గం చర్చ ఎంత పదునెక్కిందో మనకు తెలుసు. అధ్యాపకులు ‘కూలీ’ పాఠం చెప్పేటప్పుడు మునూ పక్కన బఖాను నిలబెట్టి చెప్పాలి. ఆకలి ఇద్దరిదీ. పట్నంలో పని అడగడానికి తలుపు తట్టే వీలు మాత్రం ఒక్కడికే ఉంది.