మీకు తెలుసా? వెండి నాణెంపై కనిపించే ఇంద్రధనుస్సులో రంగే ఉండదు!

పాత వెండి నాణెంపై మెరిసే బంగారు, ఊదా, నీలి వన్నెల్లో రంగు పదార్థమేదీ లేదు. గంధకం వెండితో కలిసి సిల్వర్ సల్ఫైడ్ పొర కడుతుంది. నీటిపై తేలే నూనెలాగే, ఆ పలుచని పొర పైనుంచీ అడుగునుంచీ తిరిగొచ్చే వెలుగు కలిసి రంగులవుతుంది. పొర మందమయ్యేకొద్దీ ముందు పసుపు, తర్వాత ఎరుపు, ఊదా, ఆపైన నీలం. ఆకుపచ్చ బాగా ఆలస్యంగా వస్తుంది.

అమెరికా మోర్గన్ డాలర్లను (1878–1904, మళ్లీ 1921) చూడండి. 90 శాతం వెండి ఉన్న ఈ నాణేలను వెయ్యేసి చొప్పున గుడ్డ సంచుల్లో కట్టి, ట్రెజరీ ఖజానాల్లో దశాబ్దాలపాటు ఉంచారు. సంచికి ఆనుకున్న వైపు రంగు పట్టింది. కొన్నిటిపై గుడ్డ నేత అచ్చుపడింది. పక్క నాణెం కప్పిన మేర తెల్లగా మిగిలి, రంగు నెలవంకలా పట్టింది. ఎంత అందమైన సాక్ష్యమో!

అయితే ఇలాంటి రంగును కొందరు కృత్రిమంగానూ తెప్పిస్తారు. వేడితోనో గంధకపు మందులతోనో హడావిడిగా తెప్పించిన రంగు తరచూ పైన చెప్పిన రంగుల వరుస తప్పుతుంది: పసుపు ఛాయే లేకుండా నీలం దిగుతుంది. దీపం కింద నాణేన్ని వంచి తిప్పండి. సహజమైన రంగు గుండా టంకశాల మెరుపు కదులుతూ కనిపించాలి. రంగు పైపైన పూసినట్టుంటే, అరిగిన లేదా తోమిన నాణెంపై మరీ గాఢంగా ఉంటే అనుమానించాల్సిందే. సహజ, కృత్రిమ రంగులు రెండింటిలోనూ ఏర్పడేది సల్ఫైడే కాబట్టి నిపుణులూ కొన్నిసార్లు విభేదిస్తారు. పీసీజీఎస్, ఎన్‌జీసీ వంటి నాణేల గ్రేడింగ్ సంస్థలు సందేహాస్పదమైన రంగున్న నాణేలకు మామూలు గ్రేడు ఇవ్వవు.