బిడ్డ అడగకముందే

గర్భాన్ని లెక్కపెట్టే పద్ధతిలోనే చిన్న తిరకాసు ఉంది. డాక్టర్లు ఆఖరి నెలసరి మొదలైన రోజు నుంచి వారాలు లెక్కవేస్తారు. ఆ రోజుకు పిండమే లేదు. అండం విడుదలై వీర్యకణంతో కలవడానికి ఇంకా రెండు వారాలు పడుతుంది. అది గర్భసంచి గోడకు అంటుకోవడానికి మరో వారం. నెల తప్పిందని అనుమానం వచ్చేసరికి లెక్క ప్రకారం నాలుగు వారాలు నిండిపోతాయి. 40 వారాలు, అంటే 280 రోజులు అని మనం చెప్పుకునే దాంట్లో మొదటి రెండు వారాలు ఉత్తవే.

లెక్క ఇలా ముందే మొదలైనా, ఇంట్లోవాళ్ల జాగ్రత్తలు మాత్రం ఆలస్యంగా మొదలవుతాయి. కడుపు బయటికి కనపడ్డాకే బరువులు ఎత్తొద్దని, రెండు ముద్దలు ఎక్కువ తినమని చెప్పడం మన అలవాటు. 20వ వారంలో బిడ్డ బరువు సుమారు 300 గ్రాములు, పుట్టేనాటి బరువులో పదో వంతు. తల్లి గుండె, మూత్రపిండాలు, పేగులు అప్పటికే తమ మార్పుల్లో చాలావరకు పూర్తిచేసి ఉంటాయి. బిడ్డ అవసరం పెరిగిన కొద్దీ తల్లి ఒళ్లు సర్దుకుంటుందని అనుకుంటాం కానీ, జరిగేది చాలావరకు అందుకు తలకిందులు. ఒళ్లు ముందే సిద్ధమవుతుంది, బిడ్డ తర్వాత తీసుకుంటుంది. గర్భిణి ఆరోగ్యం గురించి అర్థం చేసుకోవాల్సిన దాంట్లో సగం ఈ వరసలోనే ఉంది.

ఈ పనులన్నీ పురమాయించేది మావి. అది చాలావరకు బిడ్డ తరపు కణాలతో తయారైన అవయవం. గర్భసంచికి అంటుకున్న కొద్ది రోజుల్లోనే ఆ కణాలు హెచ్‌సీజీ అనే హార్మోన్‌ను తల్లి రక్తంలోకి వదులుతాయి. మందుల షాపులో దొరికే పరీక్ష పట్టీ మీద రెండో గీత వచ్చేది దీనివల్లే. అండాశయానికి ఇది పంపే కబురు ఒక్కటే: ప్రొజెస్టెరాన్ తయారీ ఆపవద్దని. ఆ కబురు అందకపోతే నెలసరి వచ్చి కథ అక్కడితో ముగుస్తుంది. రెండో నెల గడిచేసరికి ఆ తయారీ బాధ్యతను మావి తానే తీసుకుంటుంది.

వేవిళ్లకూ మూలం అక్కడే ఉందని ఇటీవల తేలింది. జీడీఎఫ్15 అనే ప్రొటీన్ మావి నుంచి తల్లి రక్తంలోకి చేరి, మెదడు కాండంలో వాంతిని నియంత్రించే భాగాన్ని కదిలిస్తుంది. 2023లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన పరిశోధన ఇంకో మెలిక కూడా చెప్పింది. గర్భానికి ముందు రక్తంలో ఈ ప్రొటీన్ తక్కువగా ఉన్నవాళ్లే ఎక్కువ బాధపడతారు, దాని తాకిడి వారికి కొత్త గనక. బీటా తలసీమియా ఉన్నవాళ్లలో అది ఎప్పుడూ ఎక్కువే, వాళ్లకు వాంతులు బాగా తక్కువ. వాంతులతో మంచం పట్టిన కోడలిని చూసి ‘మేం కనలేదా’ అనే పెద్దవాళ్లకు ఈ సంగతి చెప్పాలి. ఇది ఓర్పుకు సంబంధించిన విషయం కాదు.

మావి చేసే పనుల్లో అన్నిటికంటే సాహసమైనది ఇంకొకటి. గర్భసంచి గోడలో మెలికలు తిరిగిన సన్నటి ధమనులు ఉంటాయి. మావి కణాలు వాటిలోకి చొరబడి, గోడల్లోని కండరాన్ని తినేసి, వాటిని వెడల్పాటి గొట్టాలుగా మార్చేస్తాయి. ఇక తల్లి శరీరం వాటిని బిగించి రక్తాన్ని తగ్గించలేదు. నెలలు నిండేసరికి గర్భసంచికి నిమిషానికి అర లీటరుకు పైగా రక్తం చేరుతుంది. చిత్రమేమిటంటే, తొలి పది పన్నెండు వారాలు ఆ ధమనుల మూతులను మావి కణాలే మూసి ఉంచుతాయి. అన్నాళ్లూ పిండం తక్కువ ఆక్సిజన్‌లో, గర్భసంచి గ్రంథుల స్రావాలతోనే బతుకుతుంది. లేత కణాలకు ఎక్కువ ఆక్సిజన్ హాని చేస్తుంది.

ఈ ధమనుల పని సరిగ్గా సాగకపోతే వెంటనే ఏమీ తెలియదు. 20 వారాలు దాటాక బీపీ పెరుగుతుంది, మూత్రంలో ప్రొటీన్ పోతుంది, ముదిరితే ఫిట్స్ వస్తాయి. పల్లెల్లో గుర్రపువాతం అనేది దీన్నే. ఆఖరి నెలల్లో బయటపడే ఈ జబ్బుకు బీజం చాలాసార్లు మొదటి నెలల్లోనే పడుతుంది. అందుకే ముప్పు ఎక్కువగా ఉన్నవాళ్లకు డాక్టర్లు తక్కువ మోతాదు ఆస్పిరిన్‌ను 16 వారాల లోపే మొదలుపెట్టాలని చూస్తారు.

ఇక రక్తం సంగతి. ఆరో వారం నుంచే రక్తంలోని ద్రవభాగం పెరగడం మొదలవుతుంది. 32 వారాలు దాటేసరికి మామూలు కంటే 40 నుంచి 50 శాతం ఎక్కువవుతుంది. ఎర్రకణాలు కూడా పెరుగుతాయి గానీ అంత వేగంగా కాదు. చారులో నీళ్లు పోస్తే ఉప్పు తగ్గినట్టనిపిస్తుంది చూడండి, హిమోగ్లోబిన్ లెక్క కూడా అలాగే తగ్గుతుంది. మామూలు స్త్రీకి 12 గ్రాముల లోపు రక్తహీనత అయితే, గర్భిణికి 11 గ్రాముల లోపు అని పెట్టుకున్నది అందుకే. పలచబడిన రక్తం మావిలో సాఫీగా పారుతుంది. కాన్పులో అర లీటరు దాకా రక్తం పోయినా తల్లి తట్టుకోగలుగుతుంది.

అంతమాత్రాన ‘కడుపుతో ఉంటే రక్తం తగ్గడం మామూలే’ అని వదిలేయడానికి లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలోని గర్భిణుల్లో 52 శాతం మంది ఆ 11 గ్రాముల గీత కిందే ఉన్నారు. మొత్తం గర్భకాలానికి సుమారు ఒక గ్రాము ఇనుము అదనంగా కావాలి. వినడానికి చిన్న లెక్కే. కానీ తిండిలోని ఇనుములో ఒంటికి పట్టేది కొద్దిపాటే, నెల తప్పేనాటికే నిల్వలు ఖాళీగా ఉన్న అమ్మాయిలు మన దగ్గర చాలామంది.

గుండె కూడా బిడ్డ ఎదిగేదాకా ఆగదు. అది పంపే రక్తం మొత్తమ్మీద 30 నుంచి 50 శాతం పెరుగుతుంది. అందులో దాదాపు సగం ఎనిమిదో వారానికే వచ్చేస్తుంది. మూత్రపిండాల వడపోత మూడో నెల ముగిసేసరికి సగానికి సగం ఎక్కువవుతుంది. కడుపు కనపడకముందే వచ్చే ఆయాసానికి బిడ్డ బరువుతో పనిలేదు. ప్రొజెస్టెరాన్ మెదడుకు చెప్పి ఊపిరి లోతుగా పీల్పిస్తుంది. దాంతో తల్లి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, బిడ్డ వదిలేది ఇటు సులువుగా వచ్చేస్తుంది. క్యాల్షియం కథ ఇంకా ముచ్చటైనది. బిడ్డ ఎముకలకు కావాల్సిన 30 గ్రాముల్లో ఎక్కువ భాగం ఆఖరి మూడు నెలల్లోనే చేరుతుంది. తల్లి పేగులు మాత్రం తొలి నెలల నుంచే తిండిలోని క్యాల్షియాన్ని రెట్టింపు లాక్కోవడం మొదలుపెడతాయి.

ఇలా ముందుచూపుతో నడిచే ఒంటికి కూడా ఒక చోట బయటి సాయం కావాలి. ఆ సాయం వెనుక కథలో మనవారొకరు ఉన్నారు.

1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లిష్ డాక్టరు బొంబాయి వచ్చారు. అక్కడి పేద గర్భిణుల్లో, బట్టల మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్లతో సహా, ఎర్రకణాలు ఉబ్బిపోయే తీవ్రమైన రక్తహీనత కనిపించేది. కాన్పు దాకా వచ్చి ప్రాణం మీదికి తెచ్చుకునేవారు. ఆమె కూనూరులోనూ, మద్రాసులోని గోషా ఆసుపత్రిలోనూ పనిచేస్తూ, ఎలుకల మీద, కోతుల మీద పరీక్షలు చేసి, తిండిలో ఏదో లోపించిందని పసిగట్టారు. ఈస్ట్‌తో చేసిన మార్మైట్ అనే చవక పదార్థం పెడితే ఆ గర్భిణులు కోలుకున్నారు. 1931లో ఆ సంగతి ప్రచురించారు. అందులో పనిచేసిందేమిటో అప్పటికి ఎవరికీ తెలియదు. విల్స్ కారకం అని పేరు పెట్టుకున్నారు. 

ఆ కారకమే ఫోలిక్ యాసిడ్. దాన్ని 1945లో కృత్రిమంగా తయారుచేసింది అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల. అక్కడ పరిశోధనలను నడిపించినవారు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన అన్నదమ్ములను పొట్టన పెట్టుకున్న స్ప్రూ వ్యాధికి కూడా ఫోలిక్ యాసిడ్ మందుగా పనికొచ్చింది. ఆయన బృందం దాంతో ఆగలేదు. ఫోలిక్ యాసిడ్‌కు అడ్డుపడే మందులను కూడా తయారుచేసింది. వాటిలో ఒకటైన మెథోట్రెక్సేట్‌ను, పిండం గర్భసంచిలో కాక అండనాళంలో ఇరుక్కున్నప్పుడు దాని ఎదుగుదల ఆపడానికి నేటికీ వాడుతున్నారు. కణం రెండుగా చీలాలంటే డీఎన్‌ఏ కావాలి, డీఎన్‌ఏకు ఫోలేట్ కావాలి. ఇస్తే ఎదుగుతుంది, అడ్డుకుంటే ఆగుతుంది.

ఒంటికి బయటి సాయం కావాలన్న చోటు ఇదే. పిండంలో మెదడు, వెన్నుపాము కావలసిన నాడీనాళం మొదట పలకలా ఉండి, అంచులు ముడుచుకుని గొట్టంలా మూసుకుంటుంది. అండం ఫలదీకరణ చెందిన 28 రోజులకల్లా ఆ పని అయిపోవాలి. నెల తప్పి అప్పటికి రెండు వారాలే. చాలామంది ఇంకా డాక్టరు గడప తొక్కి ఉండరు. మూసుకోకుండా మిగిలితే బిడ్డ వెన్ను చీలి పుడుతుంది, లేదా మెదడే ఏర్పడదు. అలాంటి బిడ్డను ఒకసారి కన్న తల్లులు మళ్లీ గర్భం దాల్చక ముందు నుంచే ఫోలిక్ యాసిడ్ వాడితే, అది మళ్లీ జరిగే ముప్పు 72 శాతం తగ్గిందని 1991లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి తేల్చింది. మూడో నెలలో చీటీ రాయించుకుని మొదలుపెట్టే మాత్ర రక్తానికి పనికొస్తుంది గానీ, వెన్నుకు పనికిరాదు. పిల్లలు కావాలనుకున్న రోజునే అది మొదలవ్వాలి. నా దృష్టిలో ఇది పెళ్లి కార్డుతో పాటు పంచాల్సిన సమాచారం.

గర్భం రెండో సగంలో వంతు మారుతుంది. ఇప్పుడు తీసుకునేది బిడ్డ. మావి వదిలే హార్మోన్లు తల్లి ఒంట్లో ఇన్సులిన్ పనిని మందగింపజేస్తాయి. తల్లి కండరాలు చక్కెరను వెంటనే లాక్కోకుండా ఉంటే అది బిడ్డ దాకా మిగులుతుంది. క్లోమం అందుకు తగ్గట్టు ఇన్సులిన్ పెంచుకోగలిగితే సరే, లేకపోతే గర్భిణికి షుగర్ వస్తుంది. మన దేశంలో 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్లు తాగించి రెండు గంటల తర్వాత చూస్తారు, 140 దాటకూడదు. మొదటిసారి చూపించుకున్నప్పుడు బాగానే ఉన్నా 24-28 వారాల మధ్య మళ్లీ చేసేది ఇందుకే.

28వ వారంలో కిలో ఉన్న బిడ్డ, తర్వాతి పన్నెండు వారాల్లో దాదాపు మూడింతలు అవుతుంది. ఊపిరితిత్తుల్లోని గాలిగదులు అతుక్కుపోకుండా చూసే పదార్థం ఆరో నెలలో మొదలై, 35వ వారం నాటికి గానీ సరిపడా తయారుకాదు. నెలలు నిండకుండా నొప్పులు వస్తే తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చి ఆ తయారీని తొందరపెట్టవచ్చని న్యూజిలాండ్‌కు చెందిన లిగిన్స్, హోవీ 1972లో చూపించారు. లిగిన్స్‌కు ఆ దారి కనిపించింది గొర్రెపిల్లల మీద చేసిన ప్రయోగాల్లో. అభిమన్యుడి మాటేమో గానీ, ఈ నెలల్లో బిడ్డకు వినపడటం మాత్రం నిజం. పుట్టిన రెండు మూడు రోజుల్లోనే మిగతా గొంతుల కంటే అమ్మ గొంతు వైపే పిల్లలు మొగ్గుతారని 1980లోనే అమెరికాలో పరీక్షించి చూశారు.

తల్లి తిన్నది బిడ్డకు ఎంత దూరం వెళ్తుందో హైదరాబాద్ దగ్గరి ఊళ్లలో జరిగిన ఒక అధ్యయనం చెబుతుంది. 1987 నుంచి 1990 వరకు 29 గ్రామాలను తీసుకున్నారు. వాటిలో సుమారు సగం ఊళ్లలో గర్భిణులకు, ఆరేళ్ల లోపు పిల్లలకు అదనపు ఆహారం అందింది. మొక్కజొన్న, సోయా పిండి కలిపి చేసిన ఉప్మా అది. ఆ పిల్లలకు 13-18 ఏళ్లు వచ్చాక వెళ్లి చూస్తే, ఆహారం అందిన ఊళ్ల పిల్లలు మిగతా ఊళ్ల పిల్లల కంటే సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవున్నారు. ఇన్సులిన్ వారికి మెరుగ్గా పనిచేస్తోంది, ధమనులు మెత్తగా ఉన్నాయి. తల్లికి పెట్టిందెంత, పసివయసులో బిడ్డకు పెట్టిందెంత అని విడదీసి చెప్పడం కష్టమే. అయినా అంగన్‌వాడీ ఉప్మాను తేలిగ్గా మాట్లాడేవాళ్లకు ఈ ఫలితం చూపించాలి.

కాన్పుతో అన్నీ వెనక్కి వెళ్లిపోవు. మావి బయటపడిన వెంటనే గర్భసంచి బిగిసి, అందులోని రక్తం గుండె వైపు మళ్లుతుంది. గుండె జబ్బున్న తల్లులకు ఆ గడియలే గడ్డుకాలం. పెరిగిన రక్తం కొన్ని వారాల్లో తగ్గుతుంది. మెదడులో వచ్చిన మార్పు మాత్రం అంత తొందరగా పోదు. తొలిచూలు తర్వాత, ఎదుటివారి మనసు గ్రహించడంలో పాలుపంచుకునే భాగాల్లో బూడిదరంగు పదార్థం కొంత తగ్గుతుందని, రెండేళ్ల తర్వాత కూడా అలాగే ఉంటుందని 2017లో తేలింది. జ్ఞాపకశక్తి పరీక్షల్లో ఆ తల్లులు ఏమీ వెనకబడలేదు. ఇక బిడ్డ కణాలైతే మావి దాటి తల్లి రక్తంలో చేరి ఏళ్ల తరబడి ఉండిపోతాయి. కొడుకును కన్న 27 ఏళ్ల తర్వాత కూడా ఒక తల్లి రక్తంలో మగ కణాలు దొరికాయని 1996లో డయానా బియాంకి బృందం ప్రకటించింది. అవి మేలు చేస్తాయా కీడు చేస్తాయా అన్నది ఇంకా చర్చల్లోనే ఉంది.

చర్చకు తావులేనిది షుగర్ విషయం. గర్భంలో షుగర్ వచ్చినవాళ్లకు కాన్పుతో అది తగ్గిపోయినా, తర్వాతి ఏళ్లలో మధుమేహం వచ్చే ముప్పు మిగతావాళ్ల కంటే అనేక రెట్లు ఎక్కువ. కాన్పయిన ఆరు వారాలకు ఒకసారి, ఆ తర్వాత ఏటా పరీక్ష చేయించుకోవాలి. ఆరో వారంలో బిడ్డకు పెంటావాలెంట్ టీకా వేయించడానికి ఎలాగూ ఆసుపత్రికి వెళ్తారు. తల్లి పరీక్ష కూడా అదే రోజు అయిపోతుంది, పరగడుపున రమ్మని ముందే చెబితే.