మీకు తెలుసా? యంత్రము మారిన సాఫ్ట్‌వేరు కథ

ఉప్పల్ నుండి నాచారం, మల్లాపూర్ మీదుగా ఉత్తరమునకు సాగినవారికి ఎదురగు ఈసీఐఎల్ సంస్థ 1967లో స్థాపితమై, భాభా అణుపరిశోధన కేంద్రమున రూపుదిద్దుకొన్న టీడీసీ-12 అను 12 బిట్ల కంప్యూటరును 1969లో వెలువరించి, పిమ్మట 16 బిట్ల టీడీసీ-316ను నిర్మించెను. బిట్ల ప్రమాణము మారినంతనే పాత యంత్రసంకేతము కొత్త యంత్రమునకు అక్కరకు రాదు.

నేడు ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేరును రిస్క్-వి ప్రాసెసర్లకు తరలించువారికిని ఇట్టి చిక్కే. 2010లో బర్కిలీ విశ్వవిద్యాలయమున పుట్టి, మద్రాసు ఐఐటీవారి 'శక్తి' ప్రాసెసర్లకు ఆధారమైన ఈ నిర్మాణమునకై ప్రోగ్రామును మరల కంపైలు చేసినంతమాత్రమున పని ముగియదు. 64 బిట్ల ఇంటెల్ యంత్రములపై లినక్సు ఒక ఫంక్షనుకు ఆరు పూర్ణాంకములను రిజిస్టర్ల ద్వారా అందించుచుండగా రిస్క్-విపై ఎనిమిదింటిని అందించును. కావుననే లిబ్రేఆఫీసులో భిన్న ప్రోగ్రామింగు భాషల భాగములను కలుపు వంతెనను ప్రతి నిర్మాణమునకు విడిగా వ్రాయవలసి వచ్చెను.

అంతకన్న గూఢమైనది 'చార్' అను చిన్న డేటా రకము. ఇంటెల్ లినక్సుపై అది ఋణసంఖ్యలను సైతము దాల్చును, రిస్క్-విపై దాల్చదు. ఫైలు ముగిసెనని తెలుపు మైనస్ ఒకటిని అందులో దాచిన ప్రోగ్రాము అక్కడ 255ను చూచి, ఆగవలసిన చోట ఆగక తిరుగుచునే యుండును. ఒక్క అక్షరమైనను మారని సంకేతము ఇట్లు దారితప్పుటయే, నా దృష్టిలో, తరలింపునందెల్ల కఠినమైన ఘట్టము. వేలకొలది ప్యాకేజీలను నిర్మించి, దోషములను సరిచేసిన స్వచ్ఛంద సేవకుల ఓర్పు ఫలించి, 2025 ఆగస్టులో వెలువడిన డెబియన్ 13 అను లినక్సు పంపిణీ రిస్క్-విని తొలిసారిగా అధికారికముగా స్వీకరించెను.