సముద్రతీరాన పసిపిల్లలతో: మొహమాటం తెచ్చే ముప్పు

వేసవి సెలవులు రాగానే పిల్లల మనస్సు సముద్రం వైపు పరుగెత్తుతుంది. ఇసుక, అలలు, గవ్వలు వారికి ఎంత చూసినా తనివి తీరనివి. తీరానికి దగ్గరలో స్నేహితుల ఇల్లు ఉంటే పెద్దలకు కూడా అంతకన్నా కావలసినది ఉండదు. అయితే పసిపిల్లలతో ఇటువంటి ప్రయాణం చేసే తల్లిదండ్రులు కొన్ని విషయాలు ముందుగా తెలుసుకొని ఉండాలి. నా అనుభవం మరికొందరు తల్లులకు ఉపయోగపడగలదనే ఆశతో, నా పొరపాటును దాచకుండా ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

2018 మే నెలలో మేము హైదరాబాదు నుండి భీమునిపట్నం వెళ్ళాము. నా బాల్యస్నేహితురాలు వివాహానంతరం అక్కడ స్థిరపడింది. మా బాబుకు అప్పుడు ఆరేళ్ళు, పాపకు రెండున్నర ఏళ్ళు. విశాఖపట్నంలో రైలు దిగి, సముద్రం వెంబడి రుషికొండ, తొట్లకొండల మీదుగా సాగే దారిలో వెళుతుంటే పిల్లలు కారు కిటికీ వదలలేదు. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, ఒకనాటి డచ్చివారి సమాధులు, తాటితోపులు, చేపల పడవలు చూడగలిగిన ఆ ఊరు విశ్రాంతికి అనువైనది. నాలుగు రోజులు హాయిగా గడపాలని మా సంకల్పం.

ఆతిథ్యం అతి అయిన వేళ

స్నేహితురాలి అత్తగారికి డెబ్బై ఏళ్ళు దాటాయి. ఉదయం తాను చోడి అంబలి త్రాగి, మాకు మాత్రం ఇడ్లీలు, పెసరట్లు వడ్డించేవారు. మధ్యాహ్నం మామిడికాయ పప్పు, చేపల పులుసు, రొయ్యల వేపుడు. సాయంత్రం ముంజలు, ఈతపళ్ళు. "మరి కాస్త" అంటే వద్దనడానికి నోరు రాదు. పిల్లలకు కారం ఎక్కువవుతుందని తెలిసీ చెప్పలేకపోయాను. వడ్డించేవారి ప్రేమను తిరస్కరించడం అమర్యాద అనిపించింది.

రెండవ రోజు మధ్యాహ్నం మూడు గంటలకే పిల్లలు తీరానికి వెళదామని మారాం చేశారు. ఎండ ఇంకా తీవ్రంగానే ఉంది. చల్లని గాలి వీస్తున్నందున మాకు అది తెలియలేదు. రెండు గంటలు ఇసుకలో ఆడిన తరువాత పాప రంగు ఐసు కావాలని ఏడ్చింది. అది ఏ నీటితో చేసినదో విచారించకుండా కొనిపెట్టాము. ఆ రాత్రి పదకొండు గంటలకు పాపకు వాంతి అయింది. తెల్లవారేలోగా ఆరుసార్లు నీళ్ళ విరేచనాలు అయ్యాయి.

నేను చేసిన పొరపాటు

గృహవైద్యంలో నాకు కొంత పరిచయం ఉంది. ప్రయాణానికి బయలుదేరే ముందే శొంఠి, వాము, జీలకర్ర, కరక్కాయ, ఎండిన దానిమ్మ తొక్క సంచిలో సర్దుకున్నాను. ఆ ధైర్యంతోనే ఇంటివారిని లేపలేదు. అర్ధరాత్రి వారి నిద్ర పాడుచేయడం, వారు పెట్టిన తిండి వల్లనే బిడ్డకు సుస్తీ చేసిందని వారు బాధపడడం నాకు ఇష్టం లేకపోయింది. చప్పుడు కాకుండా వంటింట్లోకి వెళ్ళి దానిమ్మ తొక్క కషాయం కాచి రెండు చెంచాలు పట్టాను. కడుపు ఖాళీగా ఉంటే విరేచనాలు వాటంతట అవే కడతాయని భావించి పాలు మాన్పించాను, నీళ్ళు కూడా మాన్పించాను.

ఉదయం ఏడు గంటలకు పెద్దావిడ పాపను చూశారు. పాప ఏడుస్తున్నది గాని కంట తడి లేదు.

"రాత్రి నుండి ఎన్నిసార్లు అయింది అమ్మాయీ?" అని అడిగారు.

"ఒకటి రెండుసార్లేనండీ అత్తయ్యగారూ" అన్నాను.

ఆవిడ నా మాట నమ్మలేదు. పాప నాలుక తాకి చూశారు, పొడిగా ఉంది. కళ్ళు లోపలికి పోయాయి. మూత్రం ఎప్పుడు పోసిందని అడిగితే నేను సమాధానం చెప్పలేకపోయాను. రాత్రి వాంతి అయిన తరువాత ఒక్కసారి కూడా పోయలేదని అప్పుడు గుర్తుకు వచ్చింది.

"ముందు నీళ్ళు పట్టు. మొహమాటాలు తరువాత" అని, పొయ్యి మీది అన్నం గంజిని పలుచన చేసి, చిటికెడు ఉప్పు కలిపి, చల్లార్చి, చెంచాతో కొద్దికొద్దిగా పాప నోట్లో పోయసాగారు. కుమారుని పిలిచి వెంటనే ఆటో తెమ్మన్నారు. దారి పొడవునా గంజి గిన్నె ఆవిడ చేతిలోనే ఉంది.

పిల్లల వైద్యులు పరీక్షించి, నీటినష్టం మధ్యస్థాయికి చేరిందని చెప్పారు. తమ ఎదుటనే నాలుగు గంటలపాటు ఓ.ఆర్.ఎస్. ద్రావణాన్ని చెంచాతో పట్టించారు. పదకొండు గంటల వేళ పాప మూత్రం పోసినప్పుడు నాకు పోయిన ప్రాణం తిరిగి వచ్చింది. ఇంకొక పూట ఆలస్యమై ఉంటే సెలైన్ ఎక్కించవలసి వచ్చేదని వైద్యులు చెప్పారు. ఆ మాట నేటికీ నా చెవిలో ఉంది.

శాస్త్రం ఏమంటుంది?

అతిసారంలో పసిబిడ్డకు ప్రాణాంతకమైనది విరేచనం కాదు, విరేచనంతోపాటు శరీరం కోల్పోయే నీరు, లవణాలు. కనుక విరేచనాన్ని కట్టడం కన్నా పోయిన నీటిని తిరిగి నింపడం ముఖ్యం. ఉప్పు, గ్లూకోజు తగిన పాళ్ళలో కలిసి లోపలికి వెళ్ళినప్పుడు చిన్నప్రేవు ఆ రెంటినీ కలిపి పీల్చుకుంటుంది, వాటి వెంట నీరు కూడా రక్తంలోనికి చేరుతుంది. విరేచనాలు అవుతున్నప్పుడు కూడా ఈ ప్రక్రియ సాగుతూనే ఉంటుంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా ప్రబలినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ద్రావణంతోనే ఎందరినో కాపాడారు. ఆయనకు మరణానంతరం 2023లో పద్మవిభూషణ్ పురస్కారం ప్రకటించారు. గంజిలోని పిండిపదార్థం జీర్ణమై గ్లూకోజుగా మారుతుంది గనుక, ఉప్పు కలిపిన పలుచని గంజి దారిలో మాకు అక్కరకు వచ్చింది.

నా కషాయం ఆయుర్వేదం దృష్టితో చూసినా తప్పే. ఆమంతో కూడిన అతిసారంలో మొదటనే స్తంభన ఔషధాలు ఇవ్వరాదని చరకసంహిత చికిత్సాస్థానం 19వ అధ్యాయం హెచ్చరిస్తుంది. దానిమ్మ తొక్క స్తంభన ద్రవ్యమే. లంఘనమంటే నీటిని కూడా మాన్పించడం కాదు. వరి పేలాలతో కాచిన పలుచని జావ, అనగా లాజమండం, దప్పికకూ వాంతులకూ అతిసారానికీ హితమని మన ప్రాచీనులు చెప్పారు. నేను సంచిలో సర్దుకున్న మూలికల కన్నా, ఆ ఇంటి పొయ్యి మీది గంజి శాస్త్రానికి దగ్గరగా ఉంది.

గ్రీష్మం ఆదానకాలంలో చివరి ఋతువు. అప్పుడు దేహబలం క్షీణించి ఉంటుంది. అందుకే మధురమైన, చల్లని, ద్రవరూపమైన ఆహారం తీసుకోవాలని, కారం, పులుపు, ఉప్పు, అధిక శ్రమ తగ్గించాలని ఋతుచర్య చెబుతుంది. మేము మొదటి రెండు రోజులు దీనికి సరిగ్గా వ్యతిరేకంగా ప్రవర్తించాము.

తీరంలో పాటించవలసినవి

మన తూర్పు తీరంలో మే నెలలో ఐదున్నరకే ఎండ వస్తుంది. పిల్లలను ఎనిమిది గంటలలోపు, తిరిగి సాయంత్రం నాలుగున్నర తరువాత మాత్రమే తీసుకువెళ్ళండి. తీరపు గాలిలో తేమ అధికం గనుక చెమట త్వరగా ఆరదు, శరీరం చల్లబడదు. గాలి వీస్తున్నదని ఎండను తేలికగా తీసుకోరాదు. పలుచని పొడుగు చేతుల నూలు బట్టలు, టోపీ తప్పనిసరి. ఆరు నెలలలోపు శిశువును నేరుగా ఎండ తగలనీయకండి.

దప్పిక వేసే వరకు ఆగక ప్రతి ఇరవై నిమిషాలకు కొన్ని గుక్కల కాచి చల్లార్చిన నీరు ఇవ్వాలి. పలుచని మజ్జిగ, శుభ్రంగా ఒలిచిన ముంజలు మంచివి. ఆరు నెలలలోపు శిశువుకు తల్లిపాలు తప్ప నీరు కూడా అవసరం లేదు. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించరాదు.

ఇద్దరు తల్లులు కబుర్లలో పడితే, పిల్లలను ఇంకొకరు చూస్తున్నారని ప్రతివారూ అనుకుంటారు. నీటి వద్ద ఎవరు కాపలా ఉండాలో పేరు పెట్టి వంతులు నిర్ణయించుకోండి. వంతు వచ్చినవారు బిడ్డకు చేయి అందేంత దూరంలోనే ఉండాలి.

ఇంటికి రాగానే మంచినీటితో స్నానం చేయించి, ఒరుసుకునే చోట్ల కొబ్బరినూనె రాయండి. ఎండకు కమిలిన చర్మంపై చల్లని తడిగుడ్డ వేసి, తరువాత కలబంద గుజ్జు పూయవచ్చు. మంచు ముక్క పెట్టరాదు. బొబ్బలు లేచినట్లయితే వైద్యునికి చూపాలి.

ఇంట్లో ఓ.ఆర్.ఎస్.

ప్రయాణపు సంచిలో నాలుగు ఓ.ఆర్.ఎస్. పొట్లాలు ఉంచుకోండి. పొట్లం మీద సూచించిన కొలత నీటిలోనే కలపాలి. పొట్లం దొరకనప్పుడు ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో 6 చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపండి. చెంచాను నిండుగా పోగుపోయక చదును చేసి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే హాని. విరేచనమైన ప్రతిసారీ రెండేళ్ళలోపు బిడ్డకు 50 నుండి 100 మి.లీ., ఆపై వయస్సువారికి 100 నుండి 200 మి.లీ. ఇవ్వాలి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మరింత నెమ్మదిగా పట్టాలి. కలిపిన ద్రావణాన్ని 24 గంటలకు మించి వాడరాదు. తల్లిపాలు ఆపవద్దు. తినగలిగే బిడ్డకు పెరుగన్నం, మెత్తని పెసరపప్పు అన్నం, అరటిపండు పెట్టవచ్చు. శీతల పానీయాలు, చెరకురసం విరేచనాలను పెంచవచ్చు. కొబ్బరినీళ్ళు మంచివే గాని వాటిలో సోడియం తక్కువ, ఓ.ఆర్.ఎస్.కు ప్రత్యామ్నాయం కావు. వైద్యుని సలహాపై జింకు మందు కూడా వాడాలి.

ఆరు గంటలు మూత్రం రాకపోయినా, కళ్ళు గుంటలు పడినా, ఏడ్చినప్పుడు కన్నీరు రాకపోయినా, బిడ్డ మత్తుగా ఉన్నా, మలంలో రక్తం కనిపించినా, త్రాగినదంతా కక్కేస్తున్నా, జ్వరం తీవ్రంగా ఉన్నా గృహవైద్యంతో కాలయాపన చేయక వెంటనే వైద్యుని వద్దకు తీసుకువెళ్ళండి.

అతిథులకు, ఆతిథేయులకు ఒక మాట

వెళ్ళిన రోజునే మీ పిల్లలు ఏమి తింటారో, ఏమి పడదో గృహిణికి చెప్పండి. త్రాగునీరు కాచినదేనా అని అడగడం తప్పు కాదు. దగ్గరలో వైద్యుడు ఎక్కడ ఉన్నారో, రాత్రివేళ బండి ఎలా దొరుకుతుందో విచారించుకోండి. ఆతిథ్యమిచ్చేవారు కూడా పసిపిల్లలకు కొసరి వడ్డించకుండా, వారి తల్లిని అడిగి పెట్టడం మేలు.

మూడవ రోజు పాప కోలుకొని పెరుగన్నం తిన్నది. పెద్దావిడ నన్ను పిలిచి కూర్చోబెట్టుకొని, "రాత్రే నన్ను లేపి ఉంటే నాకు ఒక్క నిద్రే కదమ్మా పోయేది" అన్నారు. నేను సమాధానం చెప్పలేక తల వంచుకున్నాను. తిరుగు ప్రయాణంలో ఆవిడ కట్టి ఇచ్చిన చోడిపిండితో మా ఇంట నాటి నుండి అంబలి అలవాటు అయింది. ఆ తరువాత వేసవులలో మరల రెండుసార్లు ఆ ఇంటికి వెళ్ళాము. వెళ్ళిన ప్రతిసారీ మొదటి పూటనే పిల్లల తిండి, నీరు, నిద్ర గురించి ఆవిడకు వివరంగా చెబుతున్నాను. ఆవిడ అందుకు ఏనాడూ నొచ్చుకోలేదు.