వాచనాలయము – అందులోని మనిషి

మన పేటలో గ్రంథాలయము అంటే చాలామందికి తెలియదు. వాచనాలయము అంటే పసిపిల్లవాడైనా దారి చూపుతాడు. మాట మరాఠీది, చదువరులు మనవారు. జోడ్‌భావి పేట అనే పేరులోనే ఈ పొత్తు ఉన్నది. జోడ్ అంటే మరాఠీలో జంట, భావి అంటే మన బావియే. నైజాము ఇలాకాలోని తెలంగాణ జిల్లాల నుండి మగ్గాన్ని నమ్ముకొని వచ్చిన పెద్దలు ఈ చుట్టుపక్కల ఇండ్లు కట్టుకొన్నారు. వారు పనిచేసిన పెద్ద మిల్లులు మూతపడినవి. సాంచలు, టవళ్లు, బీడీల పని మిగిలినవి. వీటి నడుమ వాచనాలయములు కూడా మిగిలినవి.

అందరమూ వాచనాలయానికి పోతాము, పత్రిక తిరగవేస్తాము, వస్తాము. అక్కడ బల్ల వెనుక కూర్చున్న మనిషి దినమంతా ఏమి చేస్తాడో, తాను ఏమి చదువుతాడో ఎన్నడైనా అడిగినామా? మన పేట దాపున ఒక వాచనాలయములో ఏండ్లుగా పనిచేస్తున్న ఒకరిని అడిగి తెలుసుకొన్న సంగతులు ఇవి. పేరు వేయవద్దన్నారు కనుక వేయలేదు.

తలుపు తెరిచే వేళకే నలుగురు వృద్ధులు మెట్ల మీద ఉంటారు. రాత్రి పాళీ దిగిన కార్మికుడొకడు వారితో చేరుతాడు. పత్రికలకు తేదీ ముద్ర వేసి బల్లల మీద పరచుట మొదటి పని. ముద్ర ఆరకముందే చేతులు చాస్తారు. ఒకే పత్రికను నలుగురికి నాలుగు పుటలుగా పంచి, సాయంత్రానికి మళ్లీ ఒక్క పత్రికగా కూర్చుట కూడా ఆయన పనియే.

తరువాత టపా, ఆ పైన కొత్త పుస్తకాలు. పుస్తకము కొనగానే బీరువాలో పెట్టుట కాదు. ముందు దాఖలు పుస్తకములో దానికొక సంఖ్య ఇస్తారు. పేరు, రచయిత, వెల, కొన్నచోటు వ్రాస్తారు. పుస్తకము పోయినా, చినిగినా ఆ సంఖ్యను మరొక పుస్తకానికి ఇవ్వరు. ముఖపత్రము మీద ఒక ముద్ర, తమకు మాత్రమే తెలిసిన లోపలి పుట మీద ఒక ముద్ర వేస్తారు. వీపున చీటీ, చివర తేదీల కాగితము అంటిస్తారు. దస్త్రాలతో పొద్దు పుచ్చే నావంటి గుమాస్తాకు కూడా ఈ ఓపిక చూస్తే ముచ్చట వేసినది.

మధ్యాహ్నము మరమ్మతు. చౌక కాగితములో కట్టె గుజ్జు ఎక్కువ. ఆ గుజ్జులోని పులుపు కాగితాన్ని లోలోపలే తింటుంది. అందుచేతనే పాత తెలుగు మాసపత్రికలు పచ్చబడి, వేలు తగిలితే పొడి రాలుతవి. వానాకాలములో బూజు, ఎండాకాలములో దుమ్ము, పన్నెండు నెలలూ వెండి పురుగు. కుట్టు ఊడిన పుస్తకాలకు దారము మాత్రము కొననక్కరలేదు. “పేటలో దారానికి కరువా సారూ?” అని ఎవరో ఒకరు కండె తెచ్చి ఇస్తారట.

సాయంత్రము హాలు యువకులతో నిండుతుంది. వీరు సర్కారు కొలువుల పరీక్షలకు చదివేవారు. ఇంట్లో సాంచ చప్పుడు, చిన్న గది, పదిమంది మనుషులు. వీరికి కావలసినది పుస్తకమే కాదు, ఒక కుర్చీ, ఒక దీపము, కొంత నిశ్శబ్దము. వాటిని కాపాడుట ఆయన ఉద్యోగములో ఎక్కడా వ్రాయని పని.

డబ్బు సంగతి కూడా చెప్పవలెను. 1960లో ఆంధ్రప్రదేశ్‌లో చేసిన గ్రంథాలయ చట్టము ప్రకారము అక్కడ ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్ను వసూలవుతుంది. 1967 నాటి మహారాష్ట్ర చట్టములో ఆ పన్ను లేదు. ఇక్కడ చాలా వాచనాలయాలను ప్రజల సంస్థలే నడుపుతవి. ప్రభుత్వము వాటిని అ, బ, క, డ అని నాలుగు తరగతులు చేసి గ్రాంటు ఇస్తుంది. గ్రాంటుకు తోడు సభ్యుల వర్గణీ. కాబట్టి ఎవరు చదువుతున్నారు, ఎన్ని పుస్తకాలు బయటికి పోతున్నవి అనే లెక్క మీద వాచనాలయము బ్రతుకు ఆధారపడి ఉన్నది.

ఇక ఆయన స్వంత చదువు. “పుస్తకాల నడుమ కూర్చుంటారు, మీకేమి, ఎంతైనా చదువుకోవచ్చు” అంటే నవ్వినారు. మిఠాయి దుకాణదారుడు దినమంతా మిఠాయి తింటాడా అన్నారు. పని వేళ ఆయన చదివేది పీఠికలు, విషయసూచికలు, వెనుక అట్టలు. ఏ పుస్తకములో ఏమున్నదో చెప్పగలుగుటకు అది చాలును. అసలు చదువు రాత్రి భోజనము తరువాత, ఒక గంట.

ఆ గంట తెలుగుకు. ఆయన ఇంట తెలుగే మాటాడుతారు, బడిలో చదివినది మాత్రము మరాఠీ. ముప్పయి ఏండ్లు దాటేవరకు తెలుగు అక్షరాలు రావు. తెలుగు బీరువా తాళముచెవి తన మొలనే ఉన్నా, అందులోని పుస్తకము తెరిస్తే తనకు బొమ్మలే! ఒకనాడు ఒక ముసలమ్మ వచ్చి, “బిడ్డా, కండ్లు కనబడతలేవు, ఇది రామాయణమా, భారతమా చూసి చెప్పు” అని అడిగిందట. చెప్పలేకపోయినారు. ఆ వారమే బాలశిక్ష తెప్పించుకొని అక్షరాలు దిద్దినారు. ఒక చిత్రము గమనించినారు. కంటితో చూస్తే అర్థము కాని వాక్యము, గొంతెత్తి చదివితే తెలిసిపోయేదట. చెవికి తెలిసిన భాష కదా! ఇప్పటికీ ఆయన తెలుగు పుస్తకాన్ని మెల్లగా, పైకే చదువుతారు. ఇంట్లోవారు పని చేసుకొంటూ వింటారు.

తెలుగు బీరువా మాట వచ్చినది కనుక అసలు బాధ చెప్పుతాను. అందులోని పుస్తకాల తేదీల కాగితాలు చూపినారు. కొన్నింటి మీద చివరి ముద్ర పడి పదేండ్లు దాటినది. ఫలానా నవలలు తీసుకుపోయే పెద్దాయన కాలము చేసినారు, ఆ నవలలు ఆగిపోయినవి. మనుషులతో పాటు పుస్తకాలు కూడా కాలము చేసినట్లున్నది. ఇటు పరీక్షల పుస్తకాలకు చోటు చాలుట లేదు. కదలని పుస్తకాన్ని అటకెక్కించవలెనని అడిగేవారున్నారు. వారి మాట తప్పని ఆయన అనరు. కాని ఒకసారి అటకెక్కినది మళ్లీ దిగదని ఆయనకు తెలుసు.

భారత గ్రంథాలయ శాస్త్రానికి పెద్ద అయిన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో అయిదు సూత్రాలు చెప్పినారు. ప్రతి పుస్తకానికి దాని పాఠకుడు ఉంటాడు, అతనిని వెదికి కలుపవలెను అన్నది వాటిలో ఒకటి. అదే సంవత్సరము తమిళనాట మన్నార్‌గుడి దగ్గర ఎడ్లబండి మీద గ్రంథాలయము పల్లెలకు కదలినది. పాఠకుడు రాకపోతే పుస్తకమే పోవలెనన్నమాట.

మరాఠీ గాలిలో తెలుగు బ్రతుకదని కొందరంటారు. కొమర్రాజు లక్ష్మణరావుగారు నాగపురములో అక్కగారింట ఉండి చదువుకొన్నారు, మరాఠీలో వ్యాసాలు వ్రాసినారు. ఆయనే 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయ స్థాపనలో పాలుపంచుకొన్నారు, 1906లో విజ్ఞాన చంద్రికా మండలిని నెలకొల్పినారు. ఆ అక్కగారు భండారు అచ్చమాంబగారు. బడికి పోకుండానే ఇంట్లో చదువు నేర్చి, తెలుగులో తొలి కథకులలో ఒకరైనారు. రెండు భాషలు ఒకదానినొకటి తినలేదు, ఒకదానికొకటి అన్నము పెట్టినవి. దశాంశ వర్గీకరణలో మరాఠీ సాహిత్యానికి 891.46, తెలుగు సాహిత్యానికి 894.827. అంకెలలో వేరు వరుసలు, మన ఇండ్లలో ఒకే గూడు.

మార్గము కూడా ఆయనే చూపినారు. క్యూబా దేశపు హవానా నగరములో 1865లో చుట్టల కార్ఖానా కార్మికులు తమ కూలిలోనుండి తలా కొంత వేసుకొని, పని జరుగుతుండగా పుస్తకము చదివి వినిపించుటకు ఒక మనిషిని పెట్టుకొన్నారు. చేతులు ఆకు చుట్టుతుండగా చెవులు నవల వినేవి. ఈ మాట వినగానే తునికాకు కత్తిరించే మన ఆడపడుచులు నాకు కనబడినారు. చేతులకు తీరిక లేదు, చెవులకున్నది. అక్షరము రానివారికి కూడా మన తెలుగు వచ్చును.

కాబట్టి మన కుటుంబాలకు నా మనవి ఇంతే. తెలుగు చదువ వచ్చిన పెద్దలు ఇంకా ఇండ్లలో ఉన్నారు. ఆదివారము ఒక పుస్తకము తెచ్చి, గుమ్మములో కూర్చొని పైకి చదవండి. మనుమడిని పక్కన కూర్చుండబెట్టుకొని వేలు పెట్టి అక్షరము చూపండి. వాచనాలయములో సభ్యత్వము లేనివారు వర్గణీ కట్టండి. పుస్తకము వాపసు చేసినప్పుడు బల్ల వెనుక ఉన్న మనిషితో అది ఎట్లున్నదో ఒక మాట చెప్పండి. ఆ మాట కోసము ఆయన ఎదురు చూస్తారు. తేదీల కాగితము మీద కొత్త ముద్ర ఒకటి పడితే, ఆ పుస్తకము బీరువాలో మరి కొన్నాళ్లు నిలుస్తుంది.