మీకు తెలుసా? ఒంగోలు గిత్తల వంశంలో ఐరోపా అమ్మమ్మ!

పెరట్లో తిరిగే కోడిని ఒకసారి పట్టుకుని కాళ్లు చూడండి. పసుపుపచ్చగా ఉన్నాయా? ఆ పసుపు ఎవరిచ్చారో చెప్పుకోండి చూద్దాం! కోళ్లన్నిటికీ మూలం ఎర్ర అడవికోడి అన్నాడు డార్విన్. చాలావరకు నిజమే, కానీ ఎర్ర అడవికోడి చర్మం తెలుపు. పసుపు చర్మం ఇచ్చే జన్యువును వెతుక్కుంటూ పోయిన శాస్త్రవేత్తలకు 2008లో అది మన దక్షిణ భారతపు అడవుల్లో కూసే బూడిదరంగు అడవికోడిలో దొరికింది. అంటే ఎప్పుడో ఊరికోడికీ ఆ అడవికోడికీ జత కుదిరిందన్నమాట! మేతలోని పసుపు రంగును విరగ్గొట్టే ఎంజైము ఈ జన్యువున్న కోడి చర్మంలో సరిగా తయారుకాదు, అందుకే రంగు అక్కడే నిలిచిపోతుంది.

మరి కోడి పుట్టిల్లు ఏది? 863 కోళ్ల జన్యుపటాలను పక్కపక్కన పెట్టి చూసి 2020లో తేల్చారు: నైరుతి చైనా, ఉత్తర థాయిలాండ్, మయన్మార్‌లు కలిసే ప్రాంతం.

కోడి ఒక్కటే కాదు, ఇంకెన్నో జంతువుల చుట్టరికాలను డీఎన్‌ఏ బయటపెట్టింది. తిమింగలానికి బతికున్న జంతువుల్లో అందరికన్నా దగ్గరి చుట్టం నీటిగుర్రం! రెండిటి డీఎన్‌ఏలోనూ ఒకే చోట ఒకే రకం తునకలు అతుక్కుని ఉన్నాయి. ఒకే పూర్వీకుడి నుంచి వస్తే తప్ప అలా కుదరదు.

ఏనుగు చుట్టం ఇంకా విచిత్రం. ఆఫ్రికా బండరాళ్ల మీద ఎండ కాచుకునే నాలుగు కిలోల రాక్ హైరాక్స్, చూడబోతే లావుపాటి కుందేలు!

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి. మన ఒంగోలు గిత్తలు 19వ శతాబ్దంలోనే ఓడలెక్కి బ్రెజిల్ వెళ్లాయి. ఒంగోలు అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేది కాబట్టి అక్కడివాళ్లు ఆ జాతికి 'నెలోర్' అని పేరు పెట్టుకున్నారు. ఇవాళ బ్రెజిల్‌లో 20 కోట్లకు పైగా పశువులుంటే, వాటిలో పెద్ద వాటా నెలోర్ రక్తానిదే! అదే మూపురం, అదే తెల్లటి ఒళ్లు, అదే గంగడోలు. కానీ వాటి మైటోకాండ్రియా డీఎన్‌ఏ చూసినవాళ్లు 1999లో నోరు వెళ్లబెట్టారు. చాలావాటిలో ఉన్నది మూపురం లేని ఐరోపా ఆవుల డీఎన్‌ఏ! ఆ డీఎన్‌ఏ తల్లి నుంచి మాత్రమే బిడ్డకు వస్తుంది. మననుంచి వెళ్లింది ఎక్కువగా ఆంబోతులు, వాటితో జతకట్టింది అక్కడి ఐరోపా సంతతి ఆవులు. తరతరాలుగా తండ్రులంతా మనవాళ్లే, అమ్మమ్మ మాత్రం ఐరోపా ఆవిడ!

క్వాగ్గా పేరు విన్నారా? ముందు సగం చారలు, వెనక సగం గోధుమరంగు ఉండే దక్షిణాఫ్రికా జీబ్రా అది. చిట్టచివరిది 1883లో ఆమ్‌స్టర్‌డామ్ జూలో చనిపోయింది. దాదాపు 140 ఏళ్లుగా మ్యూజియంలో ఉన్న క్వాగ్గా చర్మానికి అంటుకుని ఎండిపోయిన కండ పీలిక నుంచి 1984లో డీఎన్‌ఏ తీశారు. అంతరించిపోయిన జంతువు డీఎన్‌ఏ చదవడం అదే మొదటిసారి! చదవగలిగింది ఎంతో తెలుసా? 229 అక్షరాలు. జీబ్రా డీఎన్‌ఏ మొత్తం రెండు వందల కోట్ల అక్షరాల పైమాటే! అయినా క్వాగ్గా ఎవరి చుట్టమో చెప్పడానికి ఆ కాస్తా చాలింది.

ఇప్పుడు ఎంత దూరం వచ్చామంటే, గ్రీన్‌లాండ్ మట్టిలోంచి 20 లక్షల ఏళ్ల నాటి డీఎన్‌ఏ తీశారు (2022లో)! ఎముక ఒక్కటీ లేకుండానే, అక్కడ మాస్టొడాన్ అనే ఏనుగు చుట్టం తిరిగిందని తెలిసిపోయింది.

న్యూజిలాండ్ కివీ పక్షి మన కోడంత ఉంటుంది. దాని దగ్గరి బంధువు మూడు మీటర్ల పొడవున్న మడగాస్కర్ ఏనుగు పక్షి! ఈ పక్షి ఇప్పుడు లేదు కానీ, దాని గుడ్డులో సుమారు 150 కోడిగుడ్ల సొన పట్టేది. ఎగరలేని ఈ రెండూ వేర్వేరు మహాసముద్రాల దీవుల్లో ఉండటం ఎలా సాధ్యం అంటారా? 2014లో పాత ఎముకల డీఎన్‌ఏ చదివినవాళ్లు చెప్పేదేమిటంటే, వాటి పూర్వీకులు ఎగిరేవట!

కేరళ కొండల్లో ఓ ఊదారంగు కప్ప ఉంది. ఉబ్బిన ఒళ్లు, పందిముట్టె లాంటి ముక్కు, తిండి చెదపురుగులు, కాపురం భూమి లోపల. వానాకాలం మొదట్లో గుడ్లు పెట్టడానికి కొద్ది రోజులు పైకొచ్చి, మళ్లీ మాయం! 2003లో దాని డీఎన్‌ఏ చూస్తే దగ్గరి చుట్టాలు ఎక్కడ తేలాయో ఊహించండి. సముద్రం అవతల సీషెల్స్ దీవుల్లో! వాటిలో ఒక రకం చిటికెన వేలి గోరంత. ఇవేవీ సముద్రం ఈదలేదు. సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ల కిందట భారతదేశమూ సీషెల్సూ ఒకే నేల, నేల చీలితే కప్పలూ విడిపోయాయి.

ఈదిన వాళ్లూ ఉన్నారండోయ్! మెక్సికో తీరంలో మేసే లాగర్‌హెడ్ తాబేళ్లు పుట్టింది జపాన్ ఇసుకలో, అంటే 10,000 కిలోమీటర్ల ఇవతల! అమెరికా వైపు పసిఫిక్ తీరంలో ఈ జాతి గుడ్లే పెట్టదు. డీఎన్‌ఏ పోల్చి చూశాకే పుట్టింటి సంగతి బయటపడింది.

ఒక చీతా చర్మం ముక్కను ఏ బంధుత్వమూ లేని ఇంకో చీతాకు అతికిస్తే ఒళ్లు దాన్ని తోసెయ్యలేదు! వేల ఏళ్ల కిందట చీతాలు బాగా తగ్గిపోయి, మిగిలిన కొద్దింటి సంతానమే ఇప్పుడున్నవన్నీ. అందుకే అన్నీ దాదాపు కవలలే.

వాన వెలిశాక డాబా మీద గుంపులుగా తిరిగే పసుపు తూనీగను చూసే ఉంటారు. పొడవు నాలుగున్నర సెంటీమీటర్లు, రెక్కలు గాజు కాగితం. ఆ బుల్లి ప్రాణం మన దేశం నుంచి మాల్దీవుల మీదుగా హిందూ మహాసముద్రం దాటి ఆఫ్రికా వెళుతుంది! అంతేనా? 2016లో టెక్సాస్, జపాన్, కొరియా, భారత్ తూనీగల డీఎన్‌ఏ పోలిస్తే తేడా పెద్దగా కనపడలేదు. ఖండాలు దాటి వెళ్లి జతకట్టకపోతే అలా ఉండదు. ఈసారి మీ దండెం మీద వాలినప్పుడు మెల్లగా దగ్గరికెళ్లి అడగండి, "ఏ దేశమమ్మా మీది?" అని!