పిల్లలు కట్టే 22 అడుగుల పడవ

స్కాట్లాండ్ తీరంలోని మత్స్యకారుల ఊళ్లకు, గని కార్మికుల ఊళ్లకు తెడ్ల పడవల పందేలంటే ఒకప్పుడు పండగ. కాలక్రమంలో అవి వెనకబడ్డాయి. వాటికి మళ్లీ ఊపిరి పోయాలని 2009లో ఆన్‌స్ట్రథర్‌లోని స్కాటిష్ ఫిషరీస్ మ్యూజియం ఇయాన్ ఆట్రెడ్ అనే డిజైనర్ చేత ఒక పడవ గీయించింది. ఫెయిర్ ఐల్ దీవి సంప్రదాయ పడవ ‘యోల్’ దానికి మూలం. పేరు సెయింట్ ఐల్స్ స్కిఫ్. వడ్రంగం రాని ఊరివాళ్లు, స్కూలు పిల్లలు కలిసి దీన్ని కట్టేస్తున్నారు. అదెలా కుదిరిందో లెక్కల్లో చూద్దాం.

22 అడుగులు: ఇది పడవ పొడవు. వెడల్పు 5 అడుగుల 8 అంగుళాలు. నలుగురు తలా ఒక తెడ్డు వేస్తే, ఐదో మనిషి చుక్కాని పడతాడు. పలకలు ప్లైవుడ్‌వి; మామూలు ప్లైవుడ్ షీటు పొడవు 8 అడుగులే కాబట్టి, ఒక్కో పలకకు ముక్కలు అతకక తప్పదు.

1:8: ప్లైవుడ్‌ను ఏటవాలుగా చెక్కి అతికేటప్పుడు సాధారణంగా పాటించే లెక్క. మందం 10 మి.మీ. అయితే వాలు 80 మి.మీ. ఉండాలి. జిగురు పట్టే చోటు పెరుగుతుంది, అతుకు దగ్గర పలక విరగకుండా వంగుతుంది.

2:1 లేదా 5:1: అతికే జిగురు ఎపాక్సీలో రెజిన్, హార్డెనర్ పాళ్లు. కంపెనీని బట్టి మారతాయి. హార్డెనర్ ఎక్కువ పోస్తే త్వరగా గట్టిపడుతుందనుకుంటే పొరపాటే, అతుకు బలహీనపడుతుంది. డబ్బా నిండా కలిపితే తన వేడికి తానే ఉడికి, చేతిలోనే బిగుసుకుంటుంది. కొంచెం కొంచెంగా కలుపుకోవాలి.

పాత పద్ధతిలో పలక అంచు మీద పలక అంచు వేసి రాగి మేకులు కొట్టేవారు. ఆవిరి పట్టి వంచిన చెక్కలను లోపల బిగించేవారు. ఇప్పుడు మేకుల పని జిగురు చేస్తోంది. పలకలను కంప్యూటర్ యంత్రమే కోసి ఇస్తుంది. అంచుకు చిత్రిక పట్టడం మాత్రం చేతిపనే. ముక్కు దగ్గర ఒక కోణం, నడుము దగ్గర మరో కోణం. రెండు పలకల మధ్య వెలుతురు కనిపించకుండా పోయేంత వరకు చెక్కాల్సిందే.

150 కిలోలు: పడవ బరువు సుమారు ఇంత. తలా 70 కిలోల చొప్పున ఐదుగురు ఎక్కితే మొత్తం 500 కిలోలు. తేలాలంటే అంతే బరువున్న నీటిని, అంటే దాదాపు 490 లీటర్ల సముద్రపు నీటిని పక్కకు నెట్టాలి.

2013: స్కాట్లాండ్‌లోని ఉల్లపూల్‌లో ఈ పడవల తొలి ప్రపంచ పోటీలు జరిగాయి. 2016లో ఉత్తర ఐర్లాండ్‌లోని స్ట్రాంగ్‌ఫర్డ్ లాక్, 2019లో స్కాట్లాండ్‌లోని స్ట్రాన్‌రార్ ఆతిథ్యమిచ్చాయి.

ప్లైవుడ్, ఎపాక్సీ లాంటి కొత్త సరుకు ఇచ్చిన అసలు లాభం బలం కాదు, కొత్తవాళ్ల చేతులకు దొరికిన అవకాశం. కానీ పాత పడవ రూపం తెలిసి ఉండబట్టే ఇదంతా సాధ్యమైంది. మన తీరంలోనూ చెక్క నావల చోటును ఫైబర్ పడవలు ఆక్రమించాయి. కోరంగి, తాళ్లరేవు వైపు పాత పని తెలిసిన మేస్త్రీలు ఉండగానే, చుట్టుపక్కల ఇంజినీరింగ్, పాలిటెక్నిక్ విద్యార్థులు టేపు పట్టుకెళ్లి ఒక్క నావ కొలతలైనా కాగితం మీద పెట్టాలి.